ఎలాగూగారి బండి

ఆ ఇంట్లో పొద్దున్నే టీ పెట్టాలంటే ముందు పొయ్యి మీదున్న పిస్టన్ తీసి పక్కన పెట్టాలి. టైలరమ్మ రోజూ ఆరింటికి చేసే మొదటి పని అదే. తర్వాత కిరసనాయిల్లో నట్లు నానుతున్న గిన్నెను సింకులోంచి కిందకు దించి, టీ గిన్నె కడుక్కోవాలి. స్నానానికి వెళ్ళాలంటే హాల్లో పరిచిన పాత పేపర్లు తొక్కకుండా, చక్రం ఊచలకు బట్టలు చిక్కకుండా, పక్కకు తిరిగి పీతలా నడవాలి. ఆ నడక ఇంట్లో ముగ్గురికీ ఎంత అలవాటైందంటే, ఖాళీ రోడ్డు మీద కూడా అలాగే నడుస్తున్నారని ఎదురింటావిడ నవ్వేది.

ముగ్గురంటే టైలరమ్మ, ఆవిడ మొగుడు, మొగుడి తల్లి పెద్దావిడ. మొగుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. వీధి వీధంతా ఆయన్ని ఎలాగూగారు అంటుంది. ఆ పేరు బండి వల్ల వచ్చింది.

ఏడు నెలల కిందట షాపు యజమాని గోడౌను ఖాళీ చేయిస్తూ, మూల పడి ఉన్న పాత మోటార్ సైకిల్ని పట్టుకుపొమ్మన్నాడు. అరవై ఏళ్ళ నాటిది. ట్యాంకులో తుప్పు, సీటులో ఎలుకల కాపురం. అవి తప్ప మిగతాదంతా నిక్షేపంలా ఉంది. సరిగ్గా అదే వారం టైలరమ్మకు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ సూపర్‌వైజరుగా ఉద్యోగం వచ్చింది. పద్నాలుగేళ్ళుగా కిటికీ పక్కన కూర్చుని ఊళ్ళోవాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచి కుడుతున్న మనిషి. అక్కడైతే నూట ఇరవై మంది కుట్టే గుడ్డ మీద మొదటి గీత గీసేది తనే. ఉద్యోగం ఉత్తరం చదివిన రోజు ఆవిడకు అన్నం సహించలేదు, సంతోషంతో.

ఫ్యాక్టరీ గుట్టకు అవతల, పద్దెనిమిది కిలోమీటర్ల దూరం. డ్యూటీ ఎనిమిదింటికి, మొదటి బస్సు తొమ్మిదింటికి.

"నేనుండగా నువ్వు ఆ వ్యానూ ఈ వ్యానూ పట్టుకుని వేలాడడం ఏంటి?" అన్నాడు మొగుడు. "పదిహేను రోజులు ఆగు. ట్యాంకు బాగుచేసి బండి మీద నేనే దింపుతా."

"సరే," అంది టైలరమ్మ.

ఆయన ట్యాంకు విప్పి, లోపల గులకరాళ్ళూ కిరసనాయిలూ పోసి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని రెండు రోజులు ఊపాడు. తుప్పు రాలింది. నల్లరంగు వేశాడు. ట్యాంకు నిగనిగలాడేసరికి దాని పక్కన మడ్‌గార్డులు వెలవెలబోయాయి. ఎలాగూ ట్యాంకు విప్పాం కదా అని వాటినీ విప్పాడు. అవి తీస్తే చక్రాల ఊచలు కనపడ్డాయి. ఎలాగూ మడ్‌గార్డులు తీశాం కదా అని చక్రాలు తీశాడు. చక్రాలు తీశాక ఫ్రేము నేల మీద నిలబడదు, నిలబడని ఫ్రేములో ఇంజిన్ ఎందుకు? మూడో నెలకల్లా ఫ్రేము మంచం కిందకు చేరింది. హ్యాండిల్ బట్టల తీగకు వేలాడింది. ఇంజిన్ ముక్కలు ముక్కలై భోజనాల బల్ల ఎక్కింది. ముగ్గురూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళు.

అద్దాలు అరగదీసేవాడి జబ్బది. అద్దాన్ని వెలుతురుకు పట్టుకుంటే ఎవరికీ కనపడని గీత ఆయనకు కనపడుతుంది. ఇంకొక్కసారి అరగదీస్తాడు. షాపులో అయితే అవతల కస్టమరు దగ్గుతాడు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. ఇంట్లో దగ్గేవాళ్ళెవరు? టైలరమ్మకు దగ్గడం చేతకాదు. "ఇంకెన్నాళ్ళండీ?" అని అడగడం మాత్రం వచ్చు. అడిగినప్పుడల్లా ఆయన మసిచేతులు తుడుచుకుని, ఎంతో ప్రేమగా, "పదిహేను రోజులు," అనేవాడు. అబద్ధం ఆడుతున్నాడని కూడా అనలేం. ఆయన ప్రతిసారీ మనస్ఫూర్తిగా నమ్మేవాడు.

అంత పాత బండికి బజార్లో సామాన్లు దొరకవు. దొరకనివాటిని బండే ఇంట్లోంచి తీసుకోవడం మొదలుపెట్టింది.

మొదట బాత్రూం తలుపు ఒరిగింది. టైలరమ్మ పట్టుకుని చూసి, "కీలు పిన్ను లేదండీ," అంది.

"స్టాండుకు వెళ్ళింది. పొద్దున చూశా. కొలిచి చేసినట్టు కూర్చుంది," అన్నాడు ఆయన. ఆవిడ తలుపుకు తాడు కట్టింది.

గోడగడియారం సెకన్ల ముల్లు స్పీడు మీటర్లోకి వెళ్ళింది. బీరువా అద్దం హెడ్‌లైటు లోపలి గిన్నె అయింది. అప్పట్నుంచి టైలరమ్మ తల దువ్వుకోవాలంటే హెడ్‌లైటు ముందు మోకాళ్ళ మీద కూర్చునేది. ఒకరోజు పెద్దావిడ హాల్లోకి వస్తూ జారబోయి గోడ పట్టుకుంది.

"ఒరేయ్, నా చేతికర్ర అడుగున రబ్బరు ఏదిరా?"

"కిక్ రాడ్డుకు సరిపోయిందమ్మా. చూడు, ఎంత ముచ్చటగా ఉందో!"

పెద్దావిడ కష్టపడి వంగి చూసింది. "బాగానే ఉంది," అని ఒప్పుకుని, ఆ రోజు నుంచి గోడ పట్టుకునే నడిచింది.

సిలిండర్ బోరు చేసిచ్చిన లేత్ మేస్త్రీకి కూడా ఇందులో వింత ఏమీ కనపడలేదు. "పాత బండ్లు అంతే బాబూ. నా దగ్గర ఒకటుండేది, మేడ మెట్లలో రెండు తీసుకుంది. ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి మా ఇంట్లోవాళ్ళు కాళ్ళు బారచాపి ఎక్కుతారు," అన్నాడు.

ఫ్యాక్టరీ మేనేజరు మేడమ్ మంచి మనిషి. చేరే తేదీ రెండుసార్లు పొడిగించింది. "మీ చేతిపని చూశాను కాబట్టి ఆగుతున్నా. అవసరమైతే ఇక్కడ గది కూడా ఉంది, వచ్చేయండి," అంది ఫోన్లో. టైలరమ్మ ఆ మాట మొగుడికి చెప్పింది. ఆయన చేతిలో స్పానర్ కిందపెట్టి, "ఒక్కదానివి అక్కడ ఉంటావా? బండి అయిపోవచ్చింది కదా!" అన్నాడు. ఆ మొహంలో ఉన్న దిగులు చూసి ఆవిడ మళ్ళీ సరే అంది.

ఆరో నెలలో కుట్టుమిషన్ ఆగిపోయింది. ఒక చిన్న స్ప్రింగు, దారాన్ని బిగపట్టి ఉంచేది, కార్బురేటర్లోకి వెళ్ళింది. అది లేకుండా కుడితే దారం కుప్పలుగా ఊడి వస్తుంది. సగం కుట్టిన బట్టలు పట్టుకుని ఒక్కొక్కరే వేరే టైలరు దగ్గరకు పోయారు. టైలరమ్మ కిటికీ పక్కన కూర్చునేది గానీ చేతుల్లో ఏమీ ఉండేది కాదు. ఏడుపొచ్చేది. ఎవరి మీద ఏడవాలి? మొగుడు తాగుబోతు కాడు, తిరుగుబోతు కాడు, గట్టిగా ఒక మాట అనడు. షాపు నుంచి రాగానే ఆవిడకు టీ కలిపిచ్చి, ఆ తర్వాతే చేతికి మసి అంటించుకుంటాడు. అలాంటివాడి మీద అరిస్తే తనే గయ్యాళి అవుతుంది. ఆ ఇంట్లో ఆవిడ నిజంగా ఇరుక్కుపోయింది, అటూ ఇటూ కదలడానికి లేకుండా.

చేతికందే సామాన్లు అయిపోయాక బండి ఇంకా లోతుకు వెళ్ళింది. పెరటి కుళాయి ఏళ్ళ తరబడి కారేది. ఒక ఉదయం ఆగిపోయింది. అక్కడ కారే చుక్క ఇప్పుడు బండి పెట్రోలు గొట్టంలో లెక్కగా పడుతోంది. తర్వాతి వారం పెద్దావిడ గురక పోయింది. నలభై ఏళ్ళుగా గోడలు అదిరేట్టు గురకపెట్టిన మనిషి పసిపాపలా పడుకుంది. సైలెన్సర్‌కి ఆ శబ్దం దొరికిందని మొగుడు మురిసిపోయాడు.

"పోతే పోయింది లేరా," అంది పెద్దావిడ. "కానీ అమ్మాయి స్ప్రింగు వెనక్కి ఇప్పించరా. ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నా."

"అది తీయాలంటే కార్బురేటర్ మొత్తం విప్పాలమ్మా. ఎలాగూ విప్పితే..."

"వద్దులే," అన్నారు అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకేసారి.

అప్పుడే మేడమ్ మూడోసారి ఫోన్ చేసింది. ఈసారి గొంతులో మెత్తదనం లేదు. "సోమవారం ఎనిమిదింటికి మీరు టేబుల్ దగ్గర ఉండాలి. లేకపోతే లిస్టులో తర్వాతి మనిషిని పిలుస్తాను. ఇక నా చేతుల్లో లేదు."

మొగుడు నిజంగా భయపడ్డాడు. షాపుకు సెలవు పెట్టి నాలుగు రోజులు వంచిన తల ఎత్తకుండా బిగించాడు. ఆదివారం మధ్యాహ్నానికి బండి హాల్లో నిలబడింది. అబ్బ, అందం అంటే అదీ! వీధిలోవాళ్ళు తలుపు దగ్గర గుమికూడి చూశారు. ఆయన కిక్ కొట్టాడు. బండి ఉలకలేదు, పలకలేదు. సాయంత్రం దాకా కొట్టీ కొట్టీ ఆయన పిక్క వాచింది. లేత్ మేస్త్రీ వచ్చి ప్లగ్గు తీసి చూశాడు. నిప్పు రవ్వ వస్తోంది. పెట్రోలు వస్తోంది. లోపల ఒత్తిడి బాగుంది.

"అన్నీ ఉన్నాయి బాబూ. ఇంకేదో ఒకటి తీసుకోవాల్సింది ఉండిపోయింది. తెల్లారేసరికి తీసుకుంటుందిలే," అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

సోమవారం ఆరున్నరకు టైలరమ్మ కత్తెర, టేపు, మధ్యాహ్నానికి డబ్బా సంచిలో పెట్టుకుని తయారైంది. మొగుడు దేవుణ్ణి తలుచుకుని కిక్ మీద కాలు వేశాడు. ఒక్క దెబ్బ. బండి మేల్కొంది. తొందర లేదు, దడ లేదు. నిదానంగా, నిండుగా కొట్టుకుంటోంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావా! చూశావా! రా, ఎక్కు," అని, వెనక చక్రం వైపు ఒకసారి వంగాడు. "ఒక్క నిమిషం. చైను కొంచెం వదులుగా ఉంది. ఎలాగూ స్టాండు మీదే ఉంది కదా..."

టైలరమ్మ సరే అనబోయింది. ఆ మాట రాలేదు. లోపల తడుముకుంది, సంచిలో కత్తెర కోసం తడుముకున్నట్టు. పద్నాలుగేళ్ళు ఏ మూల చెయ్యి పెట్టినా దొరికేది. ఇప్పుడు అక్కడ ఖాళీ.

పెద్దావిడ ఆవిడ మొహం చూసి గోడ వదిలేసింది. "అమ్మాయ్, ఏం పోయిందే?"

"నా ఓర్పు అత్తయ్యా. బండికి వెళ్ళినట్టుంది."

"అయ్యో," అంది పెద్దావిడ. "మరి ఇంకా నిలబడ్డావేం? వెళ్ళు."

టైలరమ్మ వెళ్ళింది. పక్కకు తిరగకుండా, కాగితాలు తొక్కుకుంటూ, గిన్నెలో నట్లు తన్నుకుంటూ నేరుగా నడిచింది. వీధి మలుపులో గుట్ట వైపు పోతున్న బ్రెడ్డు వ్యానుకు చెయ్యెత్తింది. డ్రైవరు ఆపాడు. ఎనిమిదికి పది నిమిషాలుండగానే టేబుల్ ముందు నిలబడి సుద్ద అడిగింది.

మొగుడు చైను సంగతి వదిలేసి ఆవిడ వెనకాలే బయల్దేరాడు. బండి పిలవగానే కదిలింది గానీ పరిగెత్తలేదు. ఎంత యాక్సిలరేటర్ తిప్పినా అదే నిదానం. రోడ్డు దాటే ముసలివాళ్ళకు ఆగింది. సైకిళ్ళకు దారిచ్చింది. కుక్క అడ్డంగా పడుకుంటే అది లేచేదాకా నిలబడింది. గేదెల మంద ఒకటి గుట్ట మలుపులో మధ్యాహ్నం మూడు దాకా మేసింది, బండి కూడా అక్కడే డుగుడుగుమంటూ ఉంది. ఇంజిన్ ఒక్కసారీ వేడెక్కలేదు, గొణగలేదు. దాని మీద కూర్చున్న ఆయనకు మాత్రం ప్రాణం పోయినంత పనయింది. తిట్టాడు, బతిమాలాడు, ట్యాంకు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ ఏడు నెలలూ ఎలా గడిపిందో ఆయనకు ఆ గేదెల వెనక తెలిసొచ్చింది.

ఫ్యాక్టరీ గేటు చేరేసరికి డ్యూటీ దిగిన ఆడవాళ్ళు బయటకు వస్తున్నారు. టైలరమ్మ వచ్చింది. చేతులు మోచేతుల దాకా సుద్దతో తెల్లగా ఉన్నాయి. మొగుణ్ణి చూసి నిలబడింది.

"తీసుకెళ్దామని వచ్చా," అన్నాడు.

"ఎప్పుడు బయల్దేరారు?"

"నీ వెనకాలే."

ఆవిడ ఎండ వైపు చూసింది, బండి వైపు చూసింది. "నేను ఇక్కడే గది తీసుకున్నానండీ. అత్తయ్యను కూడా తీసుకొస్తా. కింద గదే, గోడ పట్టుకునే పని లేకుండా చూసుకుంటా."

"నా మీద కోపమా?"

"కోపమైతే ఎంత బాగుండు. ఎప్పటికో తగ్గేది. నాకు ఇక ఆగడం రావడం లేదండీ. ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు."

"విప్పేస్తాను," అన్నాడు ఆయన. "ఒక్కో నట్టూ విప్పి, నీది ఎక్కడుందో వెతికి, నీకు తెచ్చిస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆయన పదిహేను రోజులు అనబోయాడు. ఆ ఓర్పు పిస్టన్లో ఉందో, చక్రాల్లో ఉందో, ఏ మరలో బిగుసుకుందో ఆయనకు అంతుపట్టలేదు.

"తెలీదు," అన్నాడు.

పద్నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. టైలరమ్మకు అది ఎంతో నచ్చింది. ఆయన చొక్కా కాలర్ మీది దుమ్ము దులిపింది. ఇంకో నిమిషం ఆయన ఎదురుగా నిలబడాలని మనసారా అనిపించింది, కానీ నిలబడలేకపోయింది.