రెక్కకు అవతలి వైపు

సూది మొన గుడ్డలోంచి ఇవతలికి వచ్చింది. ఆమె దాన్ని పట్టుకుని లాగి, దారం బిగించి, ముడి వేసి, చెక్క బద్దకు రెండో పక్క నుంచి మళ్ళీ అవతలికి తోసింది. అవతల ఆమె మొగుడు ఉన్నాడు. మధ్యలో విమానం రెక్క.

రెక్క పెరటి షెడ్డులో గోడలా నిలబడి ఉంది. రెండు వైపులా గుడ్డ కప్పారు. ఆ గుడ్డను లోపలి బద్దలకు కలిపి కుట్టకపోతే పైకెళ్ళాక గాలికి ఊడొస్తుందట. కుట్టడానికి అటొకరు, ఇటొకరు ఉండాలి. కింద సందులోంచి ఆయన పాదాలు మాత్రం ఆమెకు కనబడతాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరూ కలిసి చేసిన పని ఇదొక్కటే, అదీ మొహాలు చూసుకోనక్కర్లేని పని.

ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఇంట్లోనే సొంతంగా విమానం కడుతున్నాడని వీధిలో అంతా పైలట్ గారంటారు. అది వెక్కిరింపని ఆయనకు తప్ప అందరికీ తెలుసు. ఆమె పరుపుల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. వారమంతా అక్కడ పరుపులు, సెలవురోజు ఇక్కడ రెక్క. జానెడు పొడవున్న ఈ సూది కూడా ఆమె దుకాణం నుంచి తెచ్చిందే. వేళ్ళ చివర్లు ఎంత కాయలు కాచాయంటే, వేడి గిన్నె పట్టుకున్నా ఆమెకు చప్పున తెలియదు.

పొరుగూళ్ళో ఉన్న అక్క ఎప్పటినుంచో పిలుస్తోంది. "ఆ మనిషితో ఇంకా ఏం సుఖపడదామనే? వచ్చెయ్, ఇద్దరం కర్టెన్లు కుట్టుకుని బతుకుదాం." ఆమెది ఒకటే జవాబు. "రెక్క అవ్వనీ అక్కా. ఒక్కసారి ఎక్కి, వచ్చేస్తా."

విమానంలో రెండు సీట్లని మొదట్లో ఆయనే అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఉండిపోయింది. రెండు సీట్లకూ దిళ్ళు తనే కుట్టింది. తన దిండుకు ఎర్రటి అంచు వేసుకుంది. ఎవరూ లేనప్పుడు దానిమీద కూర్చుని, కళ్ళు మూసుకుని, కాసేపు ఎగిరింది కూడా.

మధ్యాహ్నం ఆయన స్నేహితుడు చూడటానికొచ్చాడు.

"ఏం వదినా, ఇంక మబ్బుల్లోనే కాపురమన్నమాట!" అన్నాడు రెక్క అవతల నుంచే. ఆమె నవ్వింది.

"ఇదంతా నువ్వే కుట్టావట్రా?"

"నేను కాకపోతే ఎవరు? అది సూది అందిస్తుందంతే," అన్నాడు మొగుడు.

ఆ మాటకు ఆమె బాధపడలేదు. అలవాటే.

"ఇద్దరు ఎక్కొచ్చా?"

"ముందు అలాగే అనుకున్నా. రెండో సీటు పీకేశాలే. అక్కడ ఇంకో పెట్రోలు ట్యాంకు పెడితే ఇంకా దూరం పోవచ్చు."

"మరి వదిన?"

"దానికెందుకురా విమానం? బస్సెక్కితేనే వాంతులు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె బస్సులో వాంతి చేసుకుంది ఒకే ఒక్కసారి, కడుపుతో ఉన్నప్పుడు. ఆ కడుపు నిలవలేదు. ఆయనకు వాంతి మాత్రం గుర్తుండిపోయింది.

స్నేహితుడు వెళ్ళాక కింది వరుస మొదలుపెట్టారు. ఆమె స్టూలు జరుపుకుని వంగింది. సందులోంచి ఈసారి ఆయన మోకాళ్ళు కనిపించాయి. వాటి కింద ఎర్రటి అంచు, దానినిండా గ్రీజు.

"ఏవండీ, ఆ దిండు..."

"ఇదా? మోకాళ్ళు నొప్పెడుతుంటే వేసుకున్నా. ఊరికే పడుందిగా. లాగు, లాగు."

ఆమె లాగింది. ఈ ఒక్క వరుసా వదులుగా ముడేస్తే చాలు కదా అనిపించింది. వేసింది కూడా. ఆయన చస్తే చావనీ, కానీ తన చేతి కుట్టు ఊడి చావకూడదు. విప్పి, దారం పళ్ళతో పట్టుకుని, మరింత బిగించి ముడేసింది. సూది అవతలికి తోసి లేచింది.

చేతులు కడుక్కుంది. నాలుగు బట్టలు సంచిలో పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

"లాగవే," అన్నాడాయన షెడ్డులో. కాసేపు ఆగి, "ఏమే, టీ పెడుతున్నావా? పంచదార కాస్త ఎక్కువెయ్," అన్నాడు.

రెక్కకు ఇవతల, ఖాళీ స్టూలు ముందు, పరుపుల సూది సగం దాకా బయటికొచ్చి ఆగిపోయి ఉంది.