సుషీ పోలీసు గొంతు

తన్వి తీసిన కార్టూన్ సినిమాలో జపాన్ నుంచి వచ్చిన ముగ్గురు పోలీసులు అమెరికా హోటళ్ళ మీద పడతారు. తమ దేశపు అన్నం వంటకం సుషీలో అవకాడో పండు కనబడితే బేడీలు. క్రీమ్ చీజ్ పెడితే జైలు. పదహారేళ్ళ పిల్ల, సెలవులన్నీ బొమ్మలు గీస్తూ కూర్చుంది. పెద్ద పోలీసుకి గొంతిచ్చింది వాళ్ళ నాన్న ఫణికుమార్.

"కోపంగా ఉండాలి నాన్నా. నీకేం వస్తే అది అను."

బట్టల క్లాజెట్‌లో మైకు ముందు నిలబడి రెచ్చిపోయాడు. "ఇది సుషీ కాదమ్మా, ఫ్రూట్ సలాడ్. చేతకాకపోతే మానెయ్యాలి. మా పరువు తియ్యకండి." రాసిచ్చిన మాటలు కావవి. వాటంతటవే వచ్చాయి. ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆ పెద్దమనిషి ఆలోచిస్తేనా.

దీపావళికి, అమెరికాలో వాళ్ళుండే బెంటన్‌విల్ ఊరి తెలుగు సంఘం వాళ్ళు స్కూలు హాల్లో సినిమా వేశారు. తెర మీద పెద్ద పోలీసు ఒక వంటామె చేతిలో పళ్ళెం లాక్కుని బల్ల కిందికి నెట్టాడు. "ఇది సుషీ కాదమ్మా..." హాలంతా గొల్లుమంది.

"పోలీసు వేషం నీకు పుట్టుకతోనే వచ్చింది బావా," పక్కనున్న చక్రపాణి కళ్ళు తుడుచుకున్నాడు. "ఉగాదికి అలేఖ్యకి పీకిన క్లాసే కదా ఇది? మాటకి మాట దించావు."

ఫణికుమార్ నవ్వు ఆగిపోయింది.

ఆ ఉగాదికి భోజనాల కమిటీ పెద్ద ఇతనే. పచ్చిమామిడి దొరక్క అలేఖ్య పచ్చడిలో పుల్లటి ఆకుపచ్చ ఆపిల్ తరిగి వేసింది. వేపపువ్వు లేక మెంతిపొడి కలిపింది. ఇతనింట్లో అమ్మ సూట్‌కేసులో తెచ్చిన వేపపువ్వుంది. ఆ బలుపుతో అందరి ముందూ "ఇది పచ్చడి కాదమ్మా, ఫ్రూట్ సలాడ్" అంటూ ఆమె గిన్నెను బల్ల కిందికి నెట్టాడు. పరువంట! ఎవరిది పోయింది పరువు? అలేఖ్య మళ్ళీ సంఘం గడప తొక్కలేదు. ఇవాళ కొడుకు మారాం చేస్తే వచ్చింది.

ఇప్పుడు లేచి వెళ్ళిపోతోంది.

తలుపు దగ్గర అందుకున్నాడు. "అలేఖ్యా, భోంచేసి వెళ్ళమ్మా. అది... ఏదో సినిమా కోసం..."

"బాగుంది అన్నయ్యగారూ. అందరూ నవ్వారు." కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఉగాదికీ నవ్వారు."

తప్పయిపోయిందమ్మా అంటే చాలు. కానీ చుట్టూ జనం చూస్తున్నారు.

"మెల్లగా డ్రైవ్ చెయ్యమ్మా. వానొచ్చేలా ఉంది," అన్నాడు.

కారు వెళ్ళిపోయాక తన్వి వచ్చి పక్కన నిలబడింది. "నాన్నా, కాంటెస్ట్‌కి పంపాలి. ఆ పార్ట్ ఉంచనా, తీసెయ్యనా?"

"అది ఉగాది సంగతని నీకు ముందే తెలుసా?"

"నేను అక్కడే ఉన్నా కదా నాన్నా. ఆంటీ ఏడ్చింది. నువ్వు చూడలేదు."

ఫణికుమార్ తల ఎత్తలేకపోయాడు.

"ఉంచు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చివర్లో పడే నా పేరు మాత్రం తీసెయ్యి."