నలభై ఒకటో నంబరు హాజరు

మూడు నెలలుగా కాలేజీ గడప తొక్కని మనిషికి తొంభై నాలుగు శాతం హాజరు ఉందని ఆఫీసు కిటికీ వెనక గుమాస్తా చెప్పినప్పుడు, అద్దాలక్కకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్లు మండింది.

అద్దాలక్క అని ఎందుకంటారంటే, సాయంత్రాలు కళ్లద్దాల దుకాణంలో ఫ్రేములకి అద్దాలు బిగించేది ఆమే. ఎప్పుడో ఆగిపోయిన చదువుని ముప్పయ్యో ఏట మళ్లీ మొదలుపెట్టి, తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని, డిగ్రీ రెండేళ్లు ఎలాగో ఈడ్చుకొచ్చింది. మూడో ఏడు మొదలైన వారానికే తల్లి స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. పగలంతా తల్లి దగ్గర అద్దాలక్క ఉండాలి, సాయంత్రం డ్యూటీ దిగొచ్చాక తమ్ముడు. తినిపించడం, పక్క సర్దడం, కర్ర పట్టించి నాలుగడుగులు వేయించడం, వీటి మధ్య ఇంక తరగతులకి వెళ్లేదెప్పుడు?

అందుకే దూరవిద్యకి మారిపోదామనుకుంది. పుస్తకాలు ఇంటికే వస్తాయి, అమ్మ మంచం పక్కన కూర్చుని చదువుకోవచ్చు. చదివిన రెండేళ్లూ లెక్కలోకి తీసుకుంటారు. కాకపోతే ఒక షరతు: ఇంటి ఇబ్బంది వల్ల తరగతులకి రాలేకపోతున్నారని హాజరు పట్టీలో కనబడాలి. గడువు ఆ రోజు సాయంత్రం నాలుగింటి దాకా. దాటిందా, దూరవిద్యలో మళ్లీ మొదటి ఏడాది నుంచే. రాలేదని చూపించడమే కదా, అంతకంటే తేలికైన పని ఇంకేముంటుందనుకుని, తమ్ముడి చేత సెలవు పెట్టించి, డాక్టరు రాసిన కాగితం పట్టుకుని వచ్చింది.

గుమాస్తా ఒకటికి రెండుసార్లు పట్టీ చూశాడు. హాజరేమో తరగతిలో అందరికంటే ఎక్కువ, వారం వారం పెట్టే పరీక్షల్లో మాత్రం వరసగా సున్నాలు. రోజూ వచ్చి కూర్చుని కూడా సున్నాలు తెచ్చుకుంటున్న మనిషి మీద ఆయనకి జాలి వేసినట్టుంది. బుర్రకెక్కనప్పుడు పద్ధతి మార్చి ఏం లాభమమ్మా అని మెత్తగా సలహా కూడా ఇచ్చాడు. నేను రాలేదు మహాప్రభో అని ఈవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. పట్టీలో ఉన్నదే తనకి ప్రమాణం అన్నాడాయన. మీ బదులు ఎవరైనా పలుకుతుంటే వాళ్ల పేరు చెప్పండి, వాళ్లని ఏడాదిపాటు కాలేజీ బయట కూర్చోబెట్టి మీ కాగితం ఇప్పుడే కదుపుతాను అన్నాడు. లేదంటే పాఠం చెప్పే సార్ చేత, మీరు రావడం లేదని రెండు ముక్కలు రాయించుకురమ్మన్నాడు.

తోడుగా వచ్చి పక్కనే నిలబడ్డ చిట్టి మొహంలో నెత్తురు చుక్క లేదు. చిట్టి ఆమె పిన్ని కూతురు, అదే తరగతి. అద్దాలక్కకి సంగతంతా అక్కడికక్కడే అర్థమైపోయింది. చెల్లెల్ని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లింది.

"నీ హాజరు పోతుందేమోనని అక్కా," అంది చిట్టి, కళ్లనీళ్లతో. "నేను వచ్చిన ఒక్క రోజు కూడా పోనివ్వలేదు."

ఆ ఏడుపులో కాస్త గొప్ప కూడా ఉంది, అదీ విడ్డూరం. తన నంబరుకి సన్నగా, అక్క నంబరుకి బొంగురుగా పలికేదట. జ్వరంతో కూడా వెళ్లిందట. దూరవిద్య సంగతి ముందే తెలిస్తే పిన్ని ఊరంతా టాంటాం వేస్తుందని అద్దాలక్క ఎవరికీ చెప్పకపోవడం ఒకటి, ఇలా పలుకుతున్నానని చిట్టి అక్కకి చెప్పకపోవడం ఇంకొకటి. మంచి మనసున్న వాళ్లు మనకి చేసే అన్యాయానికి వాళ్లని గట్టిగా తిట్టడానికి కూడా వీలుండదు.

"నేను వెళ్లి చెప్పేస్తానక్కా."

"నోరు మూసుకో. ఆ నోటితో చేసింది చాలు."

ఇక మిగిలింది సార్ ఒక్కడే. మంచివాడే. కాకపోతే తొంభై మంది హాజరు తల ఎత్తకుండా వేసే మనిషి, ఈ రెండేళ్లలో ఎవరి మొహమూ సరిగా చూసి ఉండడు. తరగతి అయ్యాక నెమ్మదిగా అడిగితే, ఎవరు పలికారని ఆరా తీయకుండా రాసిచ్చేస్తాడేమోనని ఆశపడి, వెళ్లి ఆఖరి బల్ల మీద చిట్టి పక్కన కూర్చుంది.

"నలభై ఒకటి."

అలవాటు చొప్పున చిట్టి నోరు తెరవబోయింది. అద్దాలక్క దాని కాలు తొక్కి, తన నంబరుకి తనే పలికింది.

"ఉన్నాను సార్."

కలం ఆగింది. రెండేళ్లలో మొదటిసారి ఆయన తల పైకెత్తాడు.

"ఎవరది? నలభై ఒకటి గొంతు రోజూ వింటున్నాను, నాకు తెలీదా? ఆ అమ్మాయి బదులు పలుకుతున్నది ఎవరు?"

తరగతంతా వెనక్కి తిరిగింది. చిట్టి సగం లేచింది. దాని భుజం నొక్కి కూర్చోబెట్టి, అద్దాలక్క లేచి నిలబడింది. నిజం చెబితే రెండేళ్ల చదువు చేతికొస్తుంది, చిట్టి ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటుంది. జ్వరంతో వచ్చి మరీ పలికిన పిల్ల.

"నేనే సార్. ఆ అమ్మాయి ఇవాళ రాలేదు."

సార్ చాలాసేపు దులిపేశాడు. ఈ వయసులో సిగ్గుండాలన్నాడు. ఆ నలభై ఒకటిని చూసి నేర్చుకోండి, మూడు నెలల్లో పట్టుమని నాలుగు రోజులు కూడా మానలేదన్నాడు. చెబుతూనే ఆమె ఎదురుగా ఆమె పేరు పక్కన ఎర్రటి గీత గీసి, ఆమెని బయటికి పొమ్మన్నాడు. రాని రోజులన్నీ వచ్చినట్టు, వచ్చిన ఒక్క రోజూ రానట్టు. ఎవరితో చెప్పుకోవాలో ఆమెకి తోచలేదు.

నాలుగు కావడానికి పది నిమిషాలుండగా అవతల ఉన్న దూరవిద్య కిటికీ దగ్గర మొదటి ఏడాది దరఖాస్తు అడిగి తీసుకుంది. తరగతి వదిలేసి పరిగెత్తుకొచ్చిన చిట్టి పక్కన నిలబడి ముక్కు చీదుతోంది. ఇంతకుముందు ఏదైనా కాలేజీలో చదివారా అని ఆరో గడిలో ఉంది. చదివానంటే ఆ హాజరు పట్టీ మళ్లీ బయటికి తీస్తారు.

"కలం ఉందా?" అంది చిట్టితో.

చిట్టి తన కలం తీసిచ్చింది. అద్దాలక్క ఆరో గడిలో 'లేదు' అని రాసింది.