నిట్రాడు బండెక్కిన వైనం

కళ్లద్దాల దుకాణం నడిపే ఆ మనిషిని అయినవాళ్లంతా నిట్రాడు అనే పిలిచేవారు. పాక నడుమ నిలబెట్టే నిట్రాడంత పొడుగు మరి. వచ్చినవాళ్ల ముక్కుమీద అద్దాలు సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి రోజంతా నడుం వంచి వాళ్ల ముఖాల్లోకి తొంగిచూడటమే అతని పని. ముఖానికి తగ్గ ఫ్రేము ఎంచుకోవాలని అందరికీ హితబోధ చేసే ఆ పెద్దమనిషి, తన కాళ్లకు తగని బండిని మాత్రం రంగు చూసి కొనేశాడు.

వేగానికీ దూరప్రయాణానికీ పనికొచ్చే పెద్ద మోటారు సైకిలు అది. షోరూములో గుర్రంలా కనిపించింది. ఎక్కి కొంతదూరం పోయాక తెలిసింది, గుర్రానికేం లోటు లేదనీ, రౌతే మడతమంచంలా ఉన్నాడనీ. మోకాళ్లు వచ్చి మోచేతులకు తగిలేవి. అరచేతులు తిమ్మిరెక్కేవి. మెడ పట్టేసి, మర్నాడు దుకాణంలో ఎవరు పిలిచినా మనిషి మొత్తం తిరిగి చూడాల్సి వచ్చేది.

తప్పు బండిదేనని తేల్చేశాడు. సీటులో గట్టి స్పాంజి వేయించి ఎత్తు పెంచాడు. కాళ్లు పెట్టుకునే కడ్డీలను కిందికి దింపించాడు. హ్యాండిలును పైకి, వెనక్కి జరిపించాడు. గాలి కొట్టకుండా ముందు ఇంకాస్త పెద్ద అద్దం బిగించాడు. ఇక ఎంత దూరమైనా సోఫాలో కూర్చున్నట్టే ఉంటుందని భార్యను నమ్మించి, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని పక్క ఊళ్లో ఉన్న అక్క ఇంటికి బయలుదేరాడు. ఎక్కడైనా ఆగుదామని భార్య అన్నప్పుడల్లా, ఇలాంటి బండిమీద ఆగడం బండికే అవమానమని కొట్టిపారేశాడు.

పెట్రోలు అయిపోవస్తే ఆగక తప్పలేదు. భార్య ముందుగా దిగి పక్కన నిలబడింది. ఇతను కాలెత్తబోయాడు. కాలు రాలేదు. ఆ కాలు తనదో కాదో కూడా తెలియడం లేదు. బంకులో అందరూ చూస్తుండగా, నిట్రాడు, బండి కలిసి, ఏ తొందరా లేకుండా, ఒక పక్కకు ఒరిగిపోయారు. బంకు మనిషి పైపు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నేలమీద నుంచి లేవకుండానే, ఏం ఫర్వాలేదు, ట్యాంకు నింపమని అతనితో అన్నాడు నిట్రాడు. దెబ్బ పరువుకే తగిలింది.

అక్క బస్సు డ్రైవరు. ఆమె కూడా ఇతనంత పొడుగే. భార్య చెప్పిందంతా విని కడుపుబ్బ నవ్వి, పెరట్లో బండెక్కి కూర్చోమంది. అతను కూర్చోగానే చుట్టూ తిరిగి చూసింది.

"సీటు ఎత్తించావు, బాగుంది. నువ్వెప్పుడు లేస్తావురా?"

అతనికి అర్థం కాలేదు.

"క్లాసు ఫోటోలో మోకాళ్లు వంచి నిలబడేవాడివి, గుర్తుందా? బండిమీద కూడా అలాగే కూర్చున్నావు."

"దుకాణంలో వంగి వంగి అలవాటైపోయిందక్కా."

"అక్కడంటే ఎదురుగా మనిషి ఉంటాడు. రోడ్డుమీద ఎవరి ముక్కు చూద్దామని వంగుతున్నావు?"

అతన్ని దింపి తనే ఎక్కి కూర్చుంది. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా, చేతులు హ్యాండిలు మీద ఊరికే ఆనించి. అదే సీటు, అవే కడ్డీలు. ఆమెకు కొలతలు తీసి చేయించినట్టున్నాయి. బండి తనది కాదేమో అని నిట్రాడుకే అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ బండిని సాగదీయడమే గాని తనను తాను విప్పుకోలేదని అప్పుడు తట్టింది. ఆ మాట పైకి అనడానికి మాత్రం భోజనమయ్యేదాకా ధైర్యం చాల్లేదు.

తిరుగు ప్రయాణంలో నిటారుగా కూర్చున్నాడు. తల పోయి అద్దానికి పైన తేలింది. గాలి హెల్మెట్‌ను పట్టుకుని వాయించేసింది. వంగి కూర్చుని కొలత ఇచ్చి కొన్న అద్దం అది మరి! భార్య అడగకముందే నాలుగైదు చోట్ల ఆగి కాళ్లు సాచాడు. ఇంటిముందు ఎవరి సాయమూ లేకుండా దిగి, చూడమన్నట్టు భార్యవైపు తిరిగాడు. ఆమె సంచి అందుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంకాస్త ఎత్తు అద్దం కోసం ఇద్దరూ షాపుకు వెళ్లారు. బండిమీద కూర్చోబెట్టి కొలవబోతుంటే నిట్రాడు మళ్లీ వంగాడు. భార్య వెనకనుంచి వెన్నులో వేలితో పొడిచింది. అతను నిటారుగా లేచాడు. కొలిచే మనిషి తలెత్తి చూసి, స్టూలు తెచ్చుకుంటానని లోపలికి వెళ్లాడు. అలవాటుకొద్దీ, ఇంత పొడుగైనందుకు ఏమీ అనుకోవద్దని చెప్పబోయి, నిట్రాడు నోరు మూసుకున్నాడు.