చిటికెన వేలి అరలో బొటనవేలు

నేను ఒక బేస్‌బాల్ గ్లౌజును. మీరట్‌లో ఒక షెడ్డులో పుట్టాను. నన్ను కుట్టిన మనిషి ఈ ఆటను ఎన్నడూ చూడలేదు. బంతిని కుడిచేత్తో విసిరేవాళ్లు నన్ను ఎడమచేతికి తొడుక్కుంటారు. ఆ షెడ్డులో తెలిసిన కొలత అదొక్కటే. ఆర్మూరు దగ్గర ఒక సర్కారు జూనియర్ కాలేజీకి పది గ్లౌజులం వచ్చాం. పదీ ఎడమచేతివే. ఎడమచేత్తో విసిరే పిల్ల కూడా ఉంటుందని కొన్నవాడికీ తోచలేదు, అమ్మినవాడికీ తోచలేదు.

ఉంది. పేరు నవనీత. తల్లి లింగవ్వ బీడీలు చుడుతుంది. పిల్లది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. ఆ చేత్తో అన్నం కలిపితే దెబ్బ, ఎవరికన్నా ఏదన్నా అందిస్తే దెబ్బ. ఆ భయానికి బంతి కూడా కుడిచేత్తోనే విసిరేది. రెండేళ్లు నన్ను ఎడమచేతికి తొడుక్కుని అంతంతమాత్రంగా ఆడింది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

హైదరాబాదులో ఒక డిగ్రీ కాలేజీ అమ్మాయిల జట్టుకు పిచ్చర్ కావాలంది. పిచ్చర్ అంటే బ్యాటు పట్టినవాళ్లకు బంతి విసిరే మనిషి. ఎంపికైతే మూడేళ్లు చదువూ హాస్టలూ ఉచితం. కాకపోతే ఒడిలో చాట, చాటలో బీడీల తునికాకు, తల్లి పక్కన చోటు. మూడో దారి లేదు.

ఎంపికకు వారం ముందు ఆటల మాస్టరు పోశెట్టి సార్ నన్ను వెంటబెట్టుకుని, దరఖాస్తు మీద సంతకానికి ఇంటికొచ్చాడు. అప్పుడే ఒక కోతి ఆకుకట్ట ఎత్తుకుని గోడెక్కింది. నవనీత రాయి తీసి విసిరింది. ఎడమచేత్తో. కట్ట ఎగిరి కింద పడింది, కోతి పరుగు.

"ఓసి నీ! ఈ చెయ్యి రెండేండ్లు యాడ దాసినవే?"

"అమ్మ కొడ్తది సార్."

లింగవ్వ తలెత్తలేదు. "కోతికైతే సరే. మనుషులకు ఎడమచేత్తోని ఇస్తరా సారూ?"

"ఇచ్చుడు కాదమ్మా, ఇసురుడు! ఆ చెయ్యే దీనికి సీటు తెస్తది."

కానీ ఆ చెయ్యి విసరాలంటే నేను కుడిచేతికి ఎక్కాలి. కుడిచేతి గ్లౌజు తెప్పించాలంటే నెల పడుతుందన్నాడు సార్. నవనీత నన్నే కుడిచేతికి తారుమారుగా తొడుక్కుంది. బొటనవేలు నా చిటికెన వేలి అరలో ఇరుక్కుపోయింది. లింగవ్వ చూసింది. ఆకు కోసే కత్తెర తీసి నా అరను బర్రున చీల్చింది.

"అయ్యో, సర్కారు సామానమ్మా!"

"మీ సర్కారు చెయ్యి సూడకుంట కొన్నది. నా బిడ్డ చెయ్యి నేను సూస్కుంట."

పదిహేడేళ్లు ఆ చేతిని కొట్టిన మనిషే బీడీ దారం ఎనిమిది పేటలు పురిపెట్టి, ఆ బొటనవేలికి సరిపోయేలా నన్ను కుట్టింది. మనుషులు ఇలాగే ఉంటారు. నాకు కోపం పోలేదు గానీ, కుట్టు మాత్రం గట్టిది.

ఎంపిక రోజు. పది బంతుల్లో ఏడు, బ్యాటు పట్టిన అమ్మాయి మోకాళ్లకూ ఛాతీకీ మధ్య పోవాలి. కొట్టిన బంతి తిరిగొస్తే పట్టాలి, వదిలితే ఆ బంతి లెక్కలోకి రాదు. హైదరాబాదు నుంచి వచ్చిన కోచ్ మేడం నిబంధన అది. వారమే సాధన చేసిన చెయ్యి. మొదటి మూడూ పక్కకు పోయాయి. ఇక ఒక్కటి తప్పినా చాటే. నాలుగు, అయిదు, ఆరు సరిగ్గా పడ్డాయి. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

పదో బంతిని ఆ అమ్మాయి బలంగా కొట్టింది. అది నేరుగా నవనీత ముఖం మీదికి వచ్చింది. నన్ను అడ్డంపెట్టింది. దారాలు పటపట తెగాయి. అయిదు పేటలు పోయాయి. మూడు నిలిచాయి. బంతి నాలోనే ఉంది.

మేడం సీటు కాగితం ముందుకు చాపింది. నవనీత కుడిచెయ్యి వాచిపోయి నాలోంచి రావడం లేదు. ఎడమచెయ్యి సగం లేచి ఆగింది. మైదానం గీతకు అవతల ఉన్న తల్లివైపు చూసింది.

"తీస్కోవే! నన్నేం సూస్తవ్?"

తీసుకుంది.

ఇప్పుడు నేను ఏ చేతికీ సరిపోను. కాలేజీ సామాన్ల గదిలో ఉంటున్నాను. పోయిన నెల కొత్త గ్లౌజులు పది వచ్చాయి. పదీ ఎడమచేతివే. సార్ మూట విప్పి చాలాసేపు తిట్టాడు. తర్వాత నన్ను అన్నిటికన్నా పైన పెట్టి, పక్కనే ఒక కత్తెర పెట్టాడు.