మేకపిల్ల నాటకంలో నాయన

పదో తరగతి పరీక్షలు రాసేసి చందన ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒక పొద్దున ఆమె స్నేహితురాలు కోకిల వచ్చి, "నాటకం నేర్పిస్తారంట, వస్తావా మేయ్?" అని అడిగింది.

తమిళనాడు అంచున ఉన్న తిరుత్తణిలో, మూతపడిన ఒక రైసుమిల్లు గోడౌనులో ఎండాకాలం సెలవులకు పెద్దపిల్లల కోసం నాటక శిబిరం పెడుతున్నారు. నడిపేది పార్థిబన్. దగ్గర్లోని ఆర్.కె.పేట వాడే. చెన్నైలో కొన్నేళ్ళు నాటకాలాడి, మన ఊరి పిల్లలకూ నేర్పాలని తిరిగొచ్చిన మనిషి. శిబిరం చివర్లో ఆర్.కె.పేటలో అందరి ముందూ ఒక నాటకం వేయించాలని ఆయన ఆశ.

చందన వెంటనే సరేనంది. నాటకం మీద ఇష్టంతో కాదు. పగలంతా ఇంట్లో ఉండే పని తప్పుతుందని.

ఇంట్లో ఆమెకు కష్టమేమీ లేదు. తండ్రి జయరామ కామెర్లొచ్చి పోయాక తల్లి శోభన కంపెనీ పనికి పోతూ ఒక్కతే ఆమెను పెంచింది. కిందటేడాది సుదర్శనాన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనకు బస్టాండు దగ్గర మోటారు వైండింగు కొట్టుంది. బావుల మోటార్లు కాలిపోతే పాత తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇస్తాడు. మంచంపట్టిన తల్లిని చూసుకుంటూ నలభై దాటేదాకా పెళ్ళి మాటే ఎత్తలేదు. నెమ్మదస్తుడు. చందన గది తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే, గడప బయటే నిలబడి మాట్లాడతాడు.

అయితే ఆయన్ని ఏమని పిలవాలో చందనకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఏమనీ పిలవకుండానే ఏడాది గడిపేసింది. అన్నానికి పిలవాలంటే పళ్ళెం చప్పుడయ్యేలా పెట్టేది. ఆయన ఫోను మోగితే తీసుకుపోయి ముఖం ముందు పట్టుకునేది. మాట్లాడక తప్పకపోతే, బడిలో సార్లతో మాట్లాడినట్టు, "మీరు", "అండి". కన్నతండ్రిని ఒక్కనాడూ మీరు అనలేదు ఆమె. ఆడినెల జాతరకు పెరియపాళయం అమ్మవారి గుడి దగ్గర జనంలో ఆయన భుజాల మీద కూర్చుని, "నాయనా, నువ్వు కొంచెం ఎత్తుగా నడువు" అని హుకుం చేసేది.

శిబిరంలో మొదట్లో అన్నీ ఆటలే. కళ్ళు మూసుకుని నడవడం, ఒకరు చేసింది ఇంకొకరు అద్దంలోలా చేయడం. గోడౌనులో ఫ్యాన్లు లేవు. నడివేసవి కత్తిరి ఎండకు పైకప్పు రేకులు మండిపోయేవి. అయినా పిల్లలు మానలేదు. చందనకు తనకే తెలియకుండా అక్కడ నవ్వు వచ్చేసేది. గొంతు కూడా పెద్దదేనని అక్కడే తెలిసింది.

ఒకరోజు పార్థిబన్, "మీ ఇంట్లో జరిగిందేదైనా చెప్పండి" అన్నాడు. కోకిల తమిళంలో మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న తనను అడగకుండా తన మేకపిల్లను అమ్మేశాడు. అది కొన్నవాళ్ళ ఇంట్లోంచి తాడు తెంపుకుని పారిపోయింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ చీకటిపడే వేళ దాన్ని వెతుక్కుంటూ పోయారు. చెబుతూ చెబుతూ ఏడుపొచ్చి కోకిల తెలుగులోకి మారిపోయింది.

"తెలుగులోనే చెప్పు మ్మా," అన్నాడు పార్థిబన్. "మన నాటకం కూడా అట్లనే ఉండాల. ఆర్.కె.పేటలో సగం మంది ఇండ్లల్లో మాట అదే కదా."

అందరూ కలిసి దాన్నే నాటకంగా అల్లారు. తెలుగు చదవడం ఎవరికీ సరిగా రాదు కాబట్టి తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకున్నారు. తండ్రి వేషం ముకేశ్ అనే అబ్బాయికి ఇచ్చారు. చూపుతోనే నవ్వించగలడు వాడు. కూతురు చందన. ఇక కోకిల, "నాకు మాటలొద్దన్నా, నేను మేకపిల్లనే చేస్తాను. మా లచ్చిమి ఎట్ల దుంకుతాదో నాకు తెలిసినట్ల ఇంకెవరికి తెలుసు?" అంది.

చిక్కు అక్కడే వచ్చింది. నాటకం మధ్యలో కూతురు తండ్రిని నిలదీస్తుంది. "నాయనా, దాన్ని అమ్మేటప్పుడు నన్ను ఒక మాట అడిగినావా నువ్వు?" చందనకు మిగతా మాటలన్నీ గోడౌను చివరిదాకా వినపడేవి. "నాయనా" దగ్గరికి వచ్చేసరికి గొంతు లోపలికి పోయేది. ఆ మాట ఆమె చివరిసారి ఆసుపత్రిలో అంది. తర్వాత ఎవరినీ అనలేదు.

"వినపడలేదు చందనా. ఇంకోతూరి," అన్నాడు పార్థిబన్.

ఇంకోసారి అంది. ముకేశ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏం బిడ్డా, గాలికి కొట్టుకోని పోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. కోకిల నవ్వలేదు. వెళ్ళి పార్థిబన్ చెవిలో ఏదో చెప్పింది.

మజ్జిగ తాగే విరామంలో ఆయన చందన పక్కన వచ్చి కూర్చున్నాడు. "మీ నాయన సంగతి నాకు తెలీదు మ్మా. కావాలంటే 'మామా' అని మార్చేద్దాం. నాటకానికేం నష్టం లేదు."

చందన గ్లాసు కింద పెట్టింది. "వద్దన్నా. మామనైతే దబాయించి అడిగేయొచ్చు. నాయనను అడిగేదే కదా కష్టం."

పార్థిబన్ కాగితంలో ఆ మాటను అలాగే ఉంచేశాడు.

ఆ వారం శోభనకు మధ్యాహ్నం షిఫ్టు. సాయంకాలం చందన ముందుగదిలో అటూ ఇటూ నడుస్తూ తన మాటలు తనే చెప్పుకుంటోంది. సుదర్శనం కొట్టునుంచి వచ్చి పెరటి కొళాయి దగ్గర చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. చాలాసేపు కడిగాడు. తర్వాత తుండుతో తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎదురుమాట చెప్పేవాళ్ళు లేకుంటే కష్టం కదా పాపా. నేను చదవనా? నాకు నాటకం గీటకం రాదు. ఊరికే చదువుతాను."

చందన కాగితం ఇచ్చింది. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, మాట కింద వేలు పెట్టి చదివాడు. రేషను కొట్టు నోటీసు చదివినట్టు ఉంది. మేక పారిపోయిందన్న కబురు ఆయన నోట్లో కరెంటు పోయిందన్నట్టు వినిపించింది. చందనకు నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆయన కళ్ళు కాగితం మీదే ఉన్నందువల్లనో ఏమో, ఆ మాట కూడా సులువుగా వచ్చేసింది.

"నాయనా, దాన్ని అమ్మేటప్పుడు నన్ను ఒక మాట అడిగినావా నువ్వు?"

"అడగాల్సింది బిడ్డా," అని చదివాడు సుదర్శనం. "అడిగితే నువ్వు వద్దంటావేమోనని..."

అక్కడ ఆగిపోయాడు. వేలు అక్కడే ఉంది.

"భయపడినాను," అని అందించింది చందన, ఆయనకు అక్షరం తెలియలేదనుకుని.

"ఊఁ. భయపడినాను." ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఇది ఎవరు రాసినారు పాపా?"

"అందరం కలిసి రాసినామండి."

"బాగుండాది," అని లేచి వెళ్ళి నీళ్ళు తాగాడు. తిరిగొచ్చి మొదటినుంచి మళ్ళీ చదివాడు.

అప్పట్నుంచి రోజూ సాయంకాలం ఇద్దరూ చదివేవాళ్ళు. శిబిరం లేని ఒక ఆదివారం శోభన అన్నం క్యారియర్ ఇచ్చి కూతుర్ని కొట్టుకు పంపింది. చందన వెళ్ళేసరికి సుదర్శనం వాకిలికి వీపు పెట్టి కూర్చుని, విప్పదీసిన మోటారులోకి రాగితీగ చుట్టలు ఒత్తి కూరుస్తున్నాడు. కూరుస్తూ, దానితో మాట్లాడుతున్నాడు.

"అడగాల్సింది బిడ్డా. అడిగితే నువ్వు వద్దంటావేమోనని భయపడినాను." తల అడ్డంగా ఊపాడు. తనకే నచ్చలేదు. కొంచెం గొంతు మార్చి మళ్ళీ చెప్పాడు. ఈసారి నోటీసు చదివినట్టు లేదు.

చందన లోపలికి పోలేదు. పక్కనున్న పూలకొట్టు వరకూ వెనక్కి నడిచి, చెప్పులు నేలకు రాసి చప్పుడు చేస్తూ మళ్ళీ వచ్చింది. ఆయన గబుక్కున నోరు మూసుకుని, "ఎండలో నడిచొచ్చినావా పాపా?" అన్నాడు.

ఇంట్లో అంత చక్కగా వచ్చే మాట గోడౌనులో మాత్రం సగమే వచ్చేది.

నాటకం ఆర్.కె.పేటలో, మార్కెట్టు పక్క ఖాళీ స్థలంలో. పొద్దు వాలేసరికి కుర్చీలు నిండాయి. టౌనుబస్సు దిగినవాళ్ళు కూడా సంచులతో అలాగే నిలబడిపోయారు. శోభన సెలవు పెట్టి వచ్చింది. సుదర్శనం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె పక్కన మూడో వరసలో కూర్చున్నాడు.

కోకిల చొక్కా మీద గోనెసంచి కట్టుకుని దుంకుతూ వచ్చేసరికి జనం విరగబడి నవ్వారు. ముకేశ్ నడక చూసి ఒక ముసలాయన, "వీడెవడ్రా, అచ్చం మా తమ్ముడే!" అని అరిచాడు. అంతా బాగానే పోతోంది. కూతురు నిలదీసే చోటు వచ్చింది. చందన అడిగింది. "నాయనా" మళ్ళీ సగమే వినిపించింది, మిగతాదంతా బాగా వినిపించింది. ముకేశ్ జవాబు చెప్పాలి.

చెప్పలేదు. చెమటకు వాడి అంటింపు మీసం ఒక పక్క ఊడి వేలాడుతోంది. చేత్తో దాన్ని అదిమి పట్టుకుని నిలబడ్డాడు. మీసంతో పాటు మాట కూడా జారిపోయింది. తెర వెనకనుంచి పార్థిబన్ అందించాడు, కానీ అప్పుడే బస్సు హారను కొట్టింది. జనం కదిలారు. ఎవరో నవ్వారు.

అప్పుడు మూడో వరసనుంచి ఒక గొంతు వచ్చింది.

"అడగాల్సింది బిడ్డా. అడిగితే నువ్వు వద్దంటావేమోనని భయపడినాను."

సుదర్శనం లేచి నిలబడి ఉన్నాడు. తను లేచిన సంగతి ఆయనకే తెలిసినట్టు లేదు. అందరూ తలలు తిప్పి ఆయన్నే చూశారు. శోభన ఆయన చొక్కా పట్టుకుని లాగబోయి, వదిలేసింది.

చందన ముకేశ్ వైపు కాకుండా ఆ మూడో వరస వైపు తిరిగింది. తర్వాతి మాట ఆమెదే.

"అడిగింటే సరేననే అనింటాను నాయనా!"

మార్కెట్టు గోడ దాకా వినిపించింది. నవ్వినవాళ్ళు కూడా గమ్మున అయిపోయారు. సుదర్శనం అప్పుడు చుట్టూ చూసుకుని గబుక్కున కూర్చుని, రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. ముకేశ్ తెలివైనవాడు. మీసం పీకి జేబులో పెట్టుకుని, "పద బిడ్డా, చీకటి పడతాంది, వెతుకుదాం" అని చందన చెయ్యి పట్టుకున్నాడు. నాటకం ముందుకు పోయింది. మేకపిల్ల దొరికినప్పుడు జనం ఈలలు వేశారు.

అయిపోయాక పార్థిబన్ వచ్చి సుదర్శనం చెయ్యి పట్టుకుని ఊపాడు. "అన్నా, మీరు లేకుంటే మేము మునిగిపోయుందుము." సుదర్శనం ఎటు చూడాలో తెలియక శోభన వైపు చూశాడు.

బస్సుకు ఇంకా టైముంది. ముగ్గురూ స్టాండు ఎదురుగా పరోటా కొట్లో కూర్చున్నారు. శోభన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది.

"నాటకం చెడగొట్టినాను పాపా," అన్నాడు సుదర్శనం మెల్లగా. "నోట్లోంచి ఎట్లొచ్చేసిందో తెలీదు."

"చెడిపోలేదండి." చందన పరోటాను చిన్నచిన్న ముక్కలుగా తుంచి సాల్నా పులుసులో ముంచింది. "నిజంగానే భయపడినారా? నన్ను అడిగేదానికి?"

ఆయన చేతిలోని పరోటా ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టాడు. "పెళ్ళి మాట వచ్చినప్పుడు మీ అమ్మ చెప్పింది, ముందు పాపను అడుగు అని. మీ ఇంటిదాకా వచ్చినాను. నువ్వు మెట్ల మీద కూర్చోని చదువుకుంటా ఉంటివి. ఏమని మొదలుపెట్టేది? అట్లే తిరిగి పోతిని. మళ్ళీ ఒకతూరి వస్తిని, మళ్ళీ పోతిని. కడాకు మీ అమ్మనే అడగమన్నాను."

"అమ్మ అడిగింది. నీ ఇష్టం అన్నాను."

"చెప్పింది. నీ ఇష్టం అనేది సరేననేది కాదు కదా పాపా. అది నాకు తెలుసు."

చందన గ్లాసు అందుకుంది. నీళ్ళు తాగింది. తర్వాత, ఎప్పట్నుంచో చెప్పాలనుకున్నది చెప్పేసింది. "నేను మిమ్మల్ని నాయనా అని పిలవలేను. ఈ పొద్దు అన్నాను. కానీ రోజూ అంటే... మా నాయన ఉన్నాడు కదా."

"వద్దు మ్మా, వద్దు." ఆయన కంగారుగా చెయ్యి ఊపాడు. "అది జయరామన్న మాట. ఆయనకే ఉండనీ. నేను అడుగుతానా ఎప్పుడైనా?"

"మరి ఏమని పిలిచేది?"

"ఏదో ఒకటి. పిలిస్తే పలుకుతాను."

చందన ఆలోచించింది. అంకుల్ అంటే వీధి చివర మందుల షాపాయన గుర్తొచ్చాడు. మామ అనే మాటను నాటకంలోనే వద్దనుకుంది. నోట్లోనే ఒకటి రెండు సార్లు వేరే మాట అని చూసుకుంది. బాగానే ఉంది. తండ్రిని పిలిచే మాటకు పక్కనే ఉంది, ఆ మాట కాదు.

శోభన తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది.

"చిన్నాయనా," అంది చందన, పళ్ళెం ముందుకు జరుపుతూ, "ఇంకొంచెం సాల్నా పొయ్యమని చెప్పు."

శోభన కూతురి మొహం చూసింది, తర్వాత భర్త మొహం చూసింది. సుదర్శనం సర్వరు వైపు తిరిగి చెయ్యెత్తి, కుర్చీలోంచి సగం లేచి పిలిచాడు. సర్వరు బకెట్టు పట్టుకుని వచ్చాడు.

"పాపకు పొయ్యి," అన్నాడు సుదర్శనం. "వేడిది పొయ్యి."