స్తంభం వెనక ట్యాంకు

మా మామగారి పడవలో ఒక నియమం ఉంది. ఏటి అడుగున చేపలుండే గుంట ఎక్కడుందన్న మాట చుక్కాని పట్టుకున్న మనిషి తప్ప ఇంకెవరూ ఎత్తకూడదు. వేలు పెట్టి చూపించకూడదు. గాలం వేయడానికి వచ్చినవాళ్ళ ముందు గట్టు మీది గుర్తుల పేరు చెప్పడమంటే, దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. "చేప మనది కాదు, నీళ్ళు మనవి కావు. గుర్తులొక్కటే మనవి" అంటారాయన.

ఏరు సముద్రంలో కలిసే చోట మా పని. గెస్టుహౌసులో దిగినవాళ్ళను పడవ ఎక్కించుకుని, గాలాలిచ్చి, ఎర గుచ్చిచ్చి, చేప పట్టించి తీసుకురావాలి. ఆయన వెనక చుక్కాని దగ్గర, నేను ముందు లంగరు దగ్గర. పోటు ఆగి ఆటు మొదలయ్యేలోపు నీరు కాసేపు కదలకుండా నిలబడుతుంది. పండుగప్పలు గుంటలోంచి లేచి ఎర మీదికి వచ్చేది అప్పుడే. ఆ కాసేపూ పడవ సరిగ్గా గుంట మీద ఉండాలి. కాస్త పక్కకు జరిగినా దొరికేది బురద, నాచు, ముళ్ళ జెల్లలు.

మామగారు జ్వరం నుంచి లేచాక వేసిన ట్రిప్పులన్నీ నాచుతోనే ముగిశాయి.

ఆ రోజు పొద్దున రొయ్యల డబ్బా కడుగుతుంటే గెస్టుహౌసు నడిపే అక్క రేవు దాకా వచ్చింది. "ఇవాళ వచ్చేవాళ్ళు కూడా వట్టి చేతులతో తిరిగొస్తే, రేపటినుంచి పై రేవు పడవకే పంపిస్తానమ్మా. నన్నేమీ అనుకోకు. తిట్లు తినేది నేను" అంది. ఆమె పంపకపోతే మాకు వేరే బేరం లేదు. నేను ఆ మాట మామగారికి చెప్పాను. ఆయన మోటారు తాడు లాగుతూ, "చేపలకి చెప్పు" అన్నారు.

వచ్చినవాళ్ళు ఇద్దరు, బావా బావమరిదీ. బావ నెత్తిన గొడుగంత టోపీ. బావమరిది నోటికి మూత లేదు.

"ఏమండీ పెద్దాయనా, చేపలు ఆ టోపీ చూసి జడుసుకోవు కదా?" అన్నాడు ఎక్కుతూనే.

"నీ మొహం చూసి జడుసుకున్నాక టోపీ ఒక లెక్కా?" అన్నాడు బావ.

మామగారు నవ్వలేదు. గట్టు వైపే చూస్తూ పడవ నడిపారు. మా గుర్తులు రెండు. జెట్టీ చివరి దీపస్తంభం సరిగ్గా నీళ్ళ ట్యాంకుకు అడ్డంగా రావాలి. అవతలి గట్టున ఇటుక బట్టీల పొగగొట్టాలు రెండూ కలిసి ఒక్కటిగా కనబడాలి. రెండూ కుదిరిన చోట కింద గుంట ఉంటుంది. ఆయన గడ్డం కొంచెం పైకెత్తారు. లంగరు వెయ్యమని అర్థం. వేశాను.

తాడు చప్పున వదులైపోయింది. గుంట మీదైతే లంగరు నేల తగిలేలోపు తాడు చాలాసేపు జారాలి. ఇక్కడ లోతే లేదు.

"మామయ్యా, తాడు ఎక్కువ జారలేదు" అన్నాను.

"ఒండ్రు పడింది. కూర్చో."

రొయ్యలు గుచ్చి ఇచ్చాను. మొదట టోపీ ఆయన గాలానికి నాచు వచ్చింది. తర్వాత మళ్ళీ నాచు.

"కూర వండిస్తావా బావా, తాలింపు వేయిస్తావా?" అన్నాడు బావమరిది. వెంటనే అతని గాలానికి ఒక జెల్ల తగిలింది, వేలెడు కూడా లేదు. ఈసారి బావ పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జెల్ల ముళ్ళు తగలకుండా దాన్ని గాలం నుంచి తప్పించి నీళ్ళలోకి వదిలాను. పోటు నెమ్మదిస్తోంది. పడవ పక్కన తేలే నురగ దాదాపు ఆగిపోయింది.

ఏమీ తోచక జెట్టీ వైపు చూశాను. సగం దాకా తారు పూసిన నల్లటి పాత చెక్కలు. ఆ తర్వాత పచ్చిగా మెరుస్తున్న కొత్త చెక్కలు. స్తంభం కొత్త చెక్కల చివర నిలబడి ఉంది.

మామగారు మంచాన ఉన్న రోజుల్లోనే జెట్టీని పొడిగించారు. పనివాళ్ళు ఆ స్తంభాన్ని తాళ్ళు కట్టి పెకలించి కొత్త చివరకు మోసుకెళ్తుంటే, నేను పడవ కడుగుతూ చూశాను కూడా. చూసి ఊరుకున్నాను. ఆయనకేమో స్తంభమంటే జెట్టీ చివర ఉండేది. ఇప్పుడూ జెట్టీ చివరే ఉంది. అదే స్తంభం, అదే సొట్ట. ఇంకేం అనుమానం వస్తుంది?

"మామయ్యా, ఒక్కసారి ఇటు వస్తారా?"

"నేనొస్తే చుక్కాని ఎవడు పట్టుకుంటాడు?"

"ఒక మాట చెప్పాలి."

"ఇంటికెళ్ళాక చెప్పు."

"ఇంటికెళ్ళాక లాభం లేదు. మీరు పడుకుని ఉన్నప్పుడు రేవులో..."

ఆయన గట్టిగా దగ్గారు. అది నోరు ముయ్యమని. "కూరలో ఉప్పు ఎక్కువైతే నువ్వు చెప్పు, వింటాను. ఏటి సంగతి నాకొదిలెయ్."

"అబ్బో, కోడలికి బాగానే పడింది!" అన్నాడు బావమరిది.

ఒళ్ళు మండిపోయింది. మింగలేను, కక్కలేను. కళ్ళతో జెట్టీ వైపు సైగ చేశాను. ఆయన నా కళ్ళు చూడలేదు. కావాలనే చూడలేదు. నురగ పూర్తిగా ఆగిపోయింది. గుంట అక్కడెక్కడో పైన పడవ లేకుండా ఉంది, చేపలు పైకి లేస్తున్నాయి, మేము బురద మీద కూర్చుని తాలింపుల గురించి మాట్లాడుకుంటున్నాం.

"ఇంక పోదామా పెద్దాయనా? ఎండ మాడ్చేస్తోంది" అన్నాడు టోపీ ఆయన.

నేను లేచి లంగరు పైకి లాగేశాను.

"ఏయ్! ఎవరు లాగమన్నారు నిన్ను?"

"స్తంభం పీకేశారు మామయ్యా! పీకి కొత్త చెక్కల చివర పాతారు. ట్యాంకుకు అడ్డంగా రావాల్సింది అది కాదు. నల్ల చెక్కలు అయిపోయే చోటు!"

మామగారు జెట్టీ వైపు చాలాసేపు చూశారు. తర్వాత మోటారు తాడు లాగి, నల్ల చెక్కల చివర ట్యాంకుకు అడ్డంగా వచ్చేదాకా పడవ నడిపారు. ఈసారి గడ్డం ఎత్తలేదు. నేనే లంగరు వదిలాను. తాడు జారుతూనే ఉంది.

బావమరిది గాలం పడీపడగానే కర్ర విల్లులా వంగింది. "బావోయ్! పట్టుకో బావోయ్!" అని ఒకటే కేకలు. పండుగప్ప నీళ్ళ మీదికి ఎగిరి తల విదిలించింది. నేను వల పెట్టి ఎత్తాను. చంటిపిల్లంత ఉంది. టోపీ ఆయనకు తగిలిన చేప దారం తెంపుకుని పోయింది. అంతలో నురగ సముద్రం వైపు కదిలింది. ఆటు మొదలైంది, అంతటితో సరి.

బావ ఫోన్ తీసి ఫొటోలు తీశాడు, చేపకూ బావమరిదికీ వెనక జెట్టీ, ట్యాంకు వచ్చేలా. "నల్ల చెక్కల చివర, ట్యాంకు. భలే ఉందండీ మీ లెక్క! మా స్నేహితులకు చెప్తా" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. మామగారు లంగరు ఎత్తమని చెయ్యి విసిరారు.

రేవులో అక్క చేపను చూసి చప్పట్లు కొట్టింది. "రేపు ఇంకో ఇద్దరున్నారు, మీకే పంపిస్తా" అంది. దారి పొడుగునా ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గరా మాట్లాడలేదు. పని నిలబడింది కదా అని ఆయన ఒక్కసారైనా అంటారేమోనని చూశాను. ఉప్పు గిన్నె కూడా నన్ను అడగకుండా లేచి తెచ్చుకున్నారు.

మర్నాడు మేము రేవుకు వెళ్ళేసరికి పై రేవు పడవ మా గుంట మీద లంగరు వేసుకుని ఉంది.

"చూశావా?" అన్నారు. అంతే.

"మరి ఎక్కడికి వెళ్దాం మామయ్యా?"

"ఇంకో గుంట ఉంది."

"దాని గుర్తులేంటి?"

అక్క పంపిన మనుషులు ఇంకా గట్టు మీదే ఉన్నారు. పడవలో మేమిద్దరమే.

"నా వైపు తిరిగి కూర్చో" అన్నారు.

"ముందు చూడకపోతే లంగరు ఎక్కడ వెయ్యను?"

"వెయ్యమన్నప్పుడు వెయ్యి. చూడక్కర్లేదు."

వాళ్ళు ఎక్కాక, ముందుకు పోయే పడవలో వెనక్కి తిరిగి కూర్చున్నాను. వాళ్ళలో ఒకావిడ నన్ను వింతగా చూసి, "అలా కూర్చుంటే కళ్ళు తిరగవా అమ్మాయ్?" అని అడిగింది.

"దానికి అలవాటే" అన్నారు మామగారు, నా తల మీదుగా గట్టు వైపు చూస్తూ.